శబ్దం తీసేసి ఆడిన ఆట

జూన్ మొదటి గురువారం పొద్దున ఏడున్నరకి ఆర్లీన్ కోసెక్ లిండెన్ వీధి చివర వ్యాను ఆపి, థర్మాస్ మూతలోకి కాఫీ వంచుకుని, గడ్డి అంచున నిలబడి తాగుతోంది. ఆ వీధిలో ఏటా మూడు రోజులపాటు ఇంటింటా గ్యారేజీలో పాత సామాన్ల అమ్మకాలు. ఎనిమిది కొట్టి గ్యారేజీ తలుపు పైకి లేచేదాకా ఎవరి డ్రైవ్‌వే మీదా కాలు మోపకూడదు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. అయినా టొలీడో ఊరి చుట్టుపక్కల అమ్మకాలకి తిరిగేవాళ్ళందరికీ తెలుసు. తొందరపడి ముందే వెళ్ళినవాడికి ఆ వీధిలో ఆ మూడు రోజులూ ఎవరూ మొహం ఇచ్చి మాట్లాడరు.

ఆర్లీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. బడి బస్సు నడుపుతుంది. బడులు మూసేసిన వేసవి నెలల్లో ఆమె పని ఇదే. జనం వద్దనుకుని బయటపెట్టిన పాత వీడియో గేములు వెతుకుతుంది. వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ ఆడేలా చేసి, ఆదివారం సంతలో బల్ల వేసుకుని కావలసినవాళ్ళకి అమ్ముతుంది.

ఇంతలో కర్ట్ బ్లెవిన్స్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, అతనిదీ ఇదే వేట. కాకపోతే కనబడిన ప్రతిదాన్నీ ఫోనుకి చూపించి, అది ధర చెబితే గాని చెయ్యి వెయ్యడు.

"ఏం పెద్దమ్మా, ఈ ఏడైనా నాకేమైనా మిగులుస్తావా?" అన్నాడు.

"నీకు ఫోనుంది కదా, ఆకలేస్తే దాన్నే కొరుక్కో," అంది ఆర్లీన్.

ఎనిమిదయింది. వీధి పొడుగునా తలుపులు ఒకదాని వెనక ఒకటి గరగరమని లేచాయి. కర్ట్ పెద్ద పెద్ద అంగలతో మొదటి ఇంట్లో దూరాడు. ఆర్లీన్ మాత్రం నిదానంగా నడిచింది. ఆమె బల్లల మీద ఏముందో చూడదు, బల్లల కింద చూస్తుంది. క్రిస్మస్ దీపాల పెట్టెలో, పాత తీగల బుట్టలో, కుట్టు సామాను డబ్బాలో చూస్తుంది. చిక్కుపడ్డ తీగల్లో బూడిదరంగు తోక ఒకటి కనబడితే చాలు, దాని కొసకి ఏముందో లాగకుండానే చెప్పగలదు. లాగితే తీగ మెడ దగ్గర తెగుతుంది. అందుకని చేత్తో తడుముకుంటూ, పిల్లికూనని ఎత్తినట్టు, కింద చెయ్యి పెట్టి ఎత్తుతుంది. ఏమీ కనబడకపోతే ఇంటావిడని మాటల్లో పెడుతుంది. మీ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారా, నేలకింద బేస్‌మెంటు గదిలో ఇంకా ఏమైనా మిగిలిపోయాయా అని అడుగుతుంది. సగంమంది అప్పటికప్పుడు లోపలికి వెళ్ళి ఏదో ఒక అట్టపెట్టె పట్టుకొస్తారు.

పదకొండో నంబరు ఇంట్లో అట్లా అడగవలసిన పని లేకపోయింది. అది మెర్ల్ హాడిక్స్ అనే పెద్దాయన ఇల్లు. ఆయన గ్యారేజీ వెనకవైపు మడత కుర్చీలో కూర్చుని ఎవరికో కొడవలి పిడి గురించి చెబుతున్నాడు. ముందు బల్ల దగ్గర ఆయన కోడలు డెనీస్ జేబుల ఏప్రాన్ కట్టుకుని అమ్మకం చూస్తోంది. గిన్నెల పక్కన ఒక జిప్ సంచి ఉంది. అందులో బూడిదరంగు ఆట క్యాసెట్టు ఒకటి, దాన్ని ఎట్లా ఆడాలో చెప్పే పుస్తకం ఒకటి. సంచి మీద యాభై సెంట్లని ధర రాసిన పసుపు చుక్క అంటించి ఉంది.

ఆట పేరు 'ఐస్‌హౌస్'. పైనుంచి మంచుదిమ్మలు పడుతుంటాయి, వాటిని వరసల్లో ఇరికించాలి, వరస నిండితే కరిగిపోతుంది. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఎవరికైనా తెలియక విలువైనది చవగ్గా పెడితే ఆ మాట వాళ్ళకి చెప్పి, ధర పెంచి కొనడం ఆర్లీన్‌కి అలవాటు. ఇది అట్లాంటిదేం కాదు. పుస్తకం తెరిచి చూసింది. వెనకపేజీల్లో పెన్సిలు రాతలు కనబడ్డాయి. రాతలున్న పుస్తకానికి సంతలో విలువుండదు. మూసేసింది. సంచి తీసుకుని, ఎప్పటిలాగే తన ఫోను నంబరున్న కార్డు ఒకటి డెనీస్ చేతికిచ్చి, పక్కింటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఇంటి వెనక వరండాలో బల్ల మీద పాత తువ్వాలు పరిచి, ఆ రోజు దొరికిన ఏడు క్యాసెట్లూ వరసగా పెట్టుకుంది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెని చూడాలి. వాటికుండే మరలు మామూలు స్క్రూడ్రైవరుకి రావు, గుండ్రటి మూతి ఉన్నది కావాలి. ఒక్కో క్యాసెట్టు మరలూ ఒక్కో సీసామూతలో వేసుకుంటుంది, ఒకదానివి ఇంకొకదాంట్లో కలవనివ్వదు. పెంకు విప్పి, దూదిపుల్ల ఆల్కహాలులో ముంచి, లోపలి సర్క్యూట్ పలక అంచునున్న రాగి పళ్ళని పుల్ల నల్లబడడం మానేదాకా తుడుస్తుంది. లోపల రూపాయిబిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు తీసేసినా ఆటలో లెక్కలూ పేర్లూ గుర్తుండేది దానివల్లే. ముప్ఫై ఏళ్ళ బ్యాటరీ ఎప్పుడు చస్తుందో చెప్పలేం. అందుకని తన చేతిమీదుగా వెళ్ళే ప్రతిదానికీ కొత్తది అతుకుతుంది. పాతది తియ్యగానే లోపలి పేర్లన్నీ పోతాయి. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళ వెనక గోడలకి సున్నం వెయ్యడం లాంటిదే అనుకునేది దాన్ని. ఆ ఏడింటికీ ఆ పూటే సున్నం వేసేసింది.

శుక్రవారం పొద్దున చర్చి వాళ్ళ అమ్మకం దగ్గర వరసలో నిలబడి ఉండగా ఫోను మోగింది.

ముసలి గొంతు. తను లిండెన్ వీధి పదకొండులో ఉంటానని, పేరు మెర్ల్ అని చెప్పాడు. నిన్న మా కోడలు ఒక ఆట సంచి అమ్మేసిందట, అది అమ్మడానికి పెట్టింది కాదు, బేస్‌మెంటు సర్దుతూ చుక్క అంటించేసింది, పిల్ల తప్పు కాదు, నేనే చెప్పి ఉండవలసింది అన్నాడు. మీరిచ్చిన దానికి నాలుగింతలిస్తాను, అదింకా మీ దగ్గరుంటే తెచ్చిపెడతారా అని అడిగాడు.

ఉందని, డబ్బేమీ అక్కర్లేదని చెప్పింది ఆర్లీన్.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు ఆయన. "మా వెల్మా ఆట అది. కిందటి నవంబరులో పోయింది. కరెంటు తీసేసినా అందులో తన పేరు ఉండిపోతుందని చెప్పేది. పేర్ల పట్టీ ఏదో ఉంటుందట కదా, నేనెప్పుడూ చూడలేదు. ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేలో ఎంతో కొట్టానని ఒకరోజు మెట్లెక్కి వచ్చి చెప్పింది. భోజనం అయిందా అని అడిగాను నేను. ఆ పట్టీ ఒకసారి చూడాలి."

ఆ పట్టీని నిన్న మధ్యాహ్నమే తను చెరిపేసిందని ఆర్లీన్‌కి తెలుసు. ఆ క్షణంలోనే చెప్పేస్తే సరిపోయేది. కాని రేపు మధ్యాహ్నం అమ్మకం ముగిసే వేళకి తెచ్చిస్తానంది. తొందరేం లేదు, ఇన్నాళ్ళు చూడలేదు, ఒక్కరోజులో ఏముందన్నాడు ఆయన.

వరసలో వెనకే ఉన్న కర్ట్ ఆమె మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పింది.

"ఇంతోటిదానికి అంత బెంగెందుకు? బ్యాటరీ అదే చచ్చిపోయిందని చెప్పు. చావకూడదా ఏం?" అన్నాడు. అంతలో అతనే మళ్ళీ, "లేదంటే నువ్వే ఆడి, పట్టీ పేరు అడిగినప్పుడు ఆవిడ పేరులో మొదటి మూడక్షరాలూ కొట్టెయ్. నీకంటే ఆడేవాళ్ళెవరున్నారు? ముసలాయన ఎప్పుడూ చూడనేలేదంటున్నాడుగా," అన్నాడు.

మొదటి మాట ఆమె చెవికెక్కలేదు. రెండోది మాత్రం ఎక్కింది. చర్చి తలుపు తెరవకముందే వరస వదిలేసి ఇంటికి వచ్చేసింది.

టీవీ ముందు ముక్కాలిపీట వేసుకుని ఐస్‌హౌస్ పెట్టింది. పట్టీ తెరిచి చూసింది. పది గీతలు, పదీ ఖాళీ. ఎదురుగా పది సున్నాలు. ఎన్నో క్యాసెట్లలో ఈ సున్నాలు చూసి, పని శుభ్రంగా అయిందని సంతోషించిన మనిషి. ఇవాళ మాత్రం వాటిని ఎక్కువసేపు చూడలేకపోయింది. ఆట మొదలుపెట్టింది.

ఆర్లీన్ ఆడడం చూసినవాళ్ళెవరూ ఆమెని తేలిగ్గా తీసుకోరు. భుజాలు కదలవు, మోచేతులు పొట్టకి ఆనించి ఉంటాయి, రెండు బొటనవేళ్ళు మాత్రం తిరుగుతుంటాయి. ఈ ఆటలో ఉన్న కిటుకు చెవి. రాబోయే దిమ్మ ఏ ఆకారమో అది కనబడేలోపే ఒక గంట మోగుతుంది. పొడుగు దిమ్మకి ఒక స్వరం, వంకర దిమ్మకి ఒకటి. వేగం పెరిగాక కంటితో చూసి ఎవరూ సర్దలేరు. గంట వింటూ చేతులు ముందే తిరగాలి. పొద్దున పదికి కూర్చుంది. మొదటి ఆట లక్షా నలభై వేలు. రెండోది లక్షా పది. మధ్యాహ్నం నిలబడే చీజ్ శాండ్‌విచ్ ఒకటి తిని మళ్ళీ కూర్చుంది. సాయంత్రం అయిదుకి రెండు లక్షల ముప్ఫై ఒక్క వేలు వచ్చింది. ఆమె జన్మలో అదే ఎక్కువ. అక్కడికి వచ్చేసరికి దిమ్మలు పడడం లేదు, కురుస్తున్నాయి. కుడిచేతి బొటనవేలు కణుపు దగ్గర వాచింది.

పాపం, పెద్దాయన తప్పుగా గుర్తుపెట్టుకున్నాడు అనుకుంది. ఆరు లక్షలు ఎవరూ కొట్టలేరు. అరవై మూడు వేలేమో. మనిషి పోయాక వాళ్ళ గురించి అన్నీ పెద్దవిగా కనబడతాయి. అరవై మూడు వేలయితే తనకి పావుగంట పని. వెల్మా పేరులోని మొదటి మూడక్షరాలు కొట్టేసి, రేపు చేతికిచ్చేసి, మెదలకుండా వచ్చెయ్యచ్చు. ఆ ఆలోచనకి ఎంత తేలికపడిందంటే, లేచి టీ పెట్టుకుంది. టీ మరిగేలోపు ఊరికే చేతికందిన పుస్తకం తెరిచింది.

వెనకపేజీలు గుర్తులు రాసుకోవడానికి వదిలిన ఖాళీ పేజీలు. నాలుగు పేజీల నిండా, ఇరుకు గీతల మధ్య, చిన్న చిన్న పెన్సిలు అక్షరాలు. ఎడమవైపు తేదీ, కుడివైపు లెక్క. మొదటిది తొంభై ఒకటి మార్చిలో, నాలుగువేల రెండువందలు. కింద ఏడువేలు. వేసవికి పన్నెండు. రెండేళ్ళపాటు ముప్ఫై వేల దగ్గరే ఆగిపోయింది. అక్కడ పక్కన "ఎడమవైపు పోగు చెయ్యకు" అని రాసుకుంది. తర్వాత యాభై అయింది. లక్ష దాటడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఏడాదికి రెండే గీతలున్న కాలం ఉంది, నెలకి నాలుగున్న కాలం ఉంది. ఎక్కడా కొట్టివేతల్లేవు. రెండు వేల పంతొమ్మిది అక్టోబరులో ఒక లెక్క. చుట్టూ గీసుకున్నదేం లేదు, ముద్రేం లేదు. మిగిలినవాటిలాగే చిన్నగా ఉంది. ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు.

దాని తర్వాత లెక్కలు దిగడం మొదలుపెట్టాయి. రెండు లక్షలు, తొంభై వేలు, నలభై ఒకటి. చివరిది తొమ్మిది వేల ఆరు వందలు. దాని పక్కన "చేతులు" అని ఒక్కమాట ఉంది.

ఆర్లీన్ మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. మొట్టమొదటి గీతకి పైన, అంచులో, ఇందాక చూడని వాక్యం ఒకటి ఉంది. "పొద్దున ఎనిమిది నుంచి పది. మెర్ల్ పడుకుని ఉంటాడు. శబ్దం తీసేసి."

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. టీ పొంగి పొయ్యి ఆర్పేసింది. అది కూడా తుడవకుండా టీవీ ముందుకి వచ్చి కూర్చుంది. శబ్దం పూర్తిగా తగ్గించి ఆడి చూసింది. చెవుల్లో దూది పెట్టుకుని బస్సు నడిపినట్టుంది. దిమ్మ కనబడేదాకా ఏం వస్తోందో తెలియదు. తెలిసేసరికి అది సగం దిగిపోతోంది. యాభై ఎనిమిది వేల దగ్గర ఆట అయిపోయింది. మళ్ళీ ఆడింది. నలభై నాలుగు.

శనివారం పొద్దున లేచి ఇంకో రెండుసార్లు ఆడింది. గెలవాలని కాదు. ఎక్కడ తను చెయ్యి ఎత్తేస్తోందో ఆ చోటు దాటి ఒక మనిషి ఎట్లా వెళ్ళగలిగిందో తెలుసుకోవాలని. తెలియలేదు. దిమ్మ కింది అంచు మాత్రమే తెరమీదికి వచ్చినప్పుడు, ఆ ఒక్క గీతని బట్టి ఆవిడ మొత్తం ఆకారం పోల్చుకునేదేమో. అట్లా అయినా ఆరు లక్షలదాకా గంటన్నర రెప్ప వెయ్యకూడదు. ఆర్లీన్‌కి ముప్ఫై ఏళ్ళుగా ఇదే లోకం. ఎందరో ఆటగాళ్ళని చూసింది, వాళ్ళ గొప్పలు విన్నది. ఇంటికి ఆరు మైళ్ళ దూరంలో, ఒక బేస్‌మెంటులో, ఇట్లాంటి మనిషి ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ తెలియదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తనే గురువారం మధ్యాహ్నం దూదిపుల్లా టంకమూ పట్టుకుని తుడిచేసింది.

పట్టీలో తన పాత లెక్కలన్నిటినీ చెరిపేసింది. మళ్ళీ పది సున్నాలు వచ్చాయి. క్యాసెట్టునీ పుస్తకాన్నీ జిప్ సంచిలో పెట్టి బయల్దేరింది.

లిండెన్ వీధిలో అమ్మకాలు చివరికొచ్చాయి. శనివారం పన్నెండు దాటితే అన్నీ సగం ధర. రెండు దాటితే మిగిలినవి వీధంచున పెట్టి ఉచితమని అట్ట పెడతారు. మెర్ల్ గ్యారేజీలో మడత కుర్చీ మీదే ఉన్నాడు. అమ్ముడుపోని పళ్ళేలకున్న పసుపు చుక్కలు గోటితో గీకి తీస్తున్నాడు. ఆమెని చూసి లేవబోయాడు. ఆర్లీన్ వద్దని, ఎదురుగా తిరగేసిన పాలసీసాల పెట్టె మీద కూర్చుంది. వ్యానులో వస్తూ నాలుగు రకాలుగా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"మిస్టర్ హాడిక్స్, మీ ఆవిడ పేరు ఇందులో లేదు," అంది. "నేనే చెరిపేశాను."

ఆయన చేతిలో పళ్ళెం కింద పెట్టాడు.

"కావాలని చెయ్యలేదు. బ్యాటరీ పాతబడిందని మార్చాను. అది తియ్యగానే లోపలున్నవి పోతాయి. తీసేముందు ఒక్కసారి పెట్టి చూసి ఉంటే పేరు కనబడేది. చూడలేదు నేను. ఎప్పుడూ చూడను."

మెర్ల్ సంచిని చేతిలోకి తీసుకుని, లోపల ఏదైనా మిగిలిందేమోనన్నట్టు వెలుగుకి పెట్టి చూశాడు. "నిన్న ఫోనులో చెప్పలేదేం?" అన్నాడు.

"నేనే ఆడి ఆ లెక్క పెట్టేద్దామనుకున్నాను. మీకు తెలియదు కదా అనుకున్నాను."

"మరి పెట్టలేదేం?"

"రాలేదు."

ఆయనకి అర్థం కాలేదు. ఆర్లీన్ చెప్పింది. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రందాకా, ఇవాళ మళ్ళీ ఆడానని, బొటనవేలు వాచిందని, ఆవిడ లెక్కలో మూడోవంతు దగ్గరే ఆగిపోయానని చెప్పింది.

"నువ్వు బాగా ఆడతావా అమ్మాయ్? లేక ఊరికే తుడిచి అమ్ముతావా?" అన్నాడు ఆయన.

"కొలంబస్‌లో పోటీ పెడితే రాష్ట్రం మొత్తంలో నాకు రెండోది వచ్చింది. ఈ జిల్లాలో నాకంటే బాగా ఆడినవాళ్ళని నేను చూడలేదు," అంది ఆర్లీన్. "మీ ఆవిడ నాకంటే చాలా పైన ఉంది. నా కళ్ళకి కూడా అందనంత పైన."

మెర్ల్ ఆమె మొహంలోకి చూశాడు. ముసలివాణ్ణి ఊరడించడానికి అంటున్న మాటేమోనని చూశాడు. ఆమె పుస్తకం తీసి, వెనకపేజీ తెరిచి, ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చొక్కాజేబులో కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. లెక్కలమీద వేలు పెట్టుకుంటూ కిందిదాకా వచ్చాడు. "చేతులు" అన్నచోట వేలు ఆగింది. కీళ్ళనొప్పులని, సీసా మూతలు కూడా తనే తీసిచ్చేవాణ్ణని అన్నాడు. ఆర్లీన్ మొదటి పేజీ తిప్పి, అంచులోని వాక్యం చూపించింది. ఈ ఆటలో గంట వింటేగాని ఏ దిమ్మ వస్తుందో తెలియదని, తన రెండు లక్షలూ గంట వింటూ కొట్టినవేనని, శబ్దం తీసేస్తే తను అరవై వేలు కూడా దాటలేనని చెప్పింది.

"శబ్దం లేకుండానా ఆడింది? అన్నేళ్ళూ?"

"మీరు పడుకుని ఉంటారని."

మెర్ల్ కళ్ళజోడు తీసేశాడు. తను గాజు ఫ్యాక్టరీలో రాత్రి పని చేసేవాణ్ణని, పొద్దునపూట నిద్రపోతుంటే కిందినుంచి బొత్తాల టిక్కుటిక్కు వినబడేదని చెప్పాడు. "ఒకసారి బూటు తీసి నేలకేసి కొట్టాను, ఆపమని," అన్నాడు. "ఆపలేదు. చప్పుడు మాత్రం మెత్తబడింది. బొత్తాల మీద గుడ్డేదో వేసుకున్నట్టుంది."

వీధిలో ఎవరో బల్లల కాళ్ళు మడుస్తున్నారు. ఆర్లీన్‌కి లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళిపోతే ఈ మనిషిని ఈ పుస్తకంతో ఒక్కణ్ణీ వదిలేసినట్టవుతుందనీ అనిపించింది. అంతలో మెర్ల్ కుర్చీలో నిటారుగా కూర్చుని, "డెనీస్, ఇటు రా. ఈవిడ చెప్పేది విను," అని పిలిచాడు.

డెనీస్ భయపడుతూనే వచ్చింది. రెండు రోజులుగా ఆ సంచి సంగతి ఆ పిల్లని నిద్రపోనివ్వలేదు. మెర్ల్ ఆర్లీన్ వైపు చెయ్యి చూపించి, "మళ్ళీ చెప్పమ్మా, ఇందాకటి మాట," అన్నాడు. ఆర్లీన్ చెప్పింది. అది విని డెనీస్, అత్తయ్య ఏదో పొద్దుపోక నొక్కుకుంటోందనుకున్నామంది. మెర్ల్ అంతటితో ఊరుకోలేదు. ఎదురింటి గ్లాడిస్ అట్టపెట్టెలు మోసుకుంటూ కనబడితే ఆవిడనీ పిలిచాడు. ఆవిడతో పాటు కుక్కని తిప్పుతున్న పోస్టాఫీసు మనిషి కూడా వచ్చాడు. వాళ్ళకీ చెప్పించాడు. మూడోసారికి ఆర్లీన్ నిలబడి చెప్పింది. కొలంబస్ పోటీలో రెండోస్థానం అన్నచోట మెర్ల్ చెయ్యెత్తి ఆమెని ఆపి, "విన్నారా, రాష్ట్రం మొత్తంలో రెండు. ఆవిడే అంటోంది," అన్నాడు. బిడ్డ పాసయిన కాగితం వీధంతా చూపించే తండ్రిలా ఉంది ఆయన వాలకం.

వాళ్ళు వెళ్ళిపోయాక, అసలు ఆ ఆట ఎట్లా ఉంటుందో చూపించమన్నాడు. "ముప్ఫై ఏళ్ళు ఈ నేలకిందే ఆడింది. ఒక్కసారి కూడా మెట్లు దిగి చూడలేదు నేను," అన్నాడు.

ఆర్లీన్ వ్యానులోంచి తను సరుకు పరీక్షించుకునే చిన్న టీవీని, మెషీనుని తెచ్చి, అమ్ముడుపోని ఇస్త్రీబల్ల మీద పెట్టింది. డెనీస్ తీగ లాగి ఇచ్చింది. మెర్ల్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. ఆర్లీన్ శబ్దం పెంచబోతే, వద్దు, తను ఆడినట్టే ఆడమన్నాడు. ఆమె శబ్దం పూర్తిగా తీసేసి ఆడింది. గ్యారేజీలో బొత్తాల టిక్కుటిక్కు తప్ప ఇంకేం లేదు. ఆ చప్పుడు వినగానే మెర్ల్ ఒక్కసారి కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచాడు. దిమ్మలు మొదట నిదానంగా దిగాయి. తర్వాత కుదుపులు కుదుపులుగా దిగాయి. తర్వాత ఆయన కంటికి అవి విడివిడిగా కనబడడం మానేశాయి. అరవై ఒక్క వేల దగ్గర గోడ పైదాకా కట్టుకుపోయి ఆట ఆగింది. శబ్దం లేకుండా ఆర్లీన్ కొట్టినవాటిలో అదే ఎక్కువ.

"ఇప్పుడు తనయితే ఎక్కడుండేది?" అని అడిగాడు మెర్ల్.

"ఇంకా గంటపైన ఆడుతూనే ఉండేది."

ఆయన తల ఊపాడు. తెరమీద పట్టీ తెరుచుకుని పేరు అడిగింది. ఆర్లీన్ కంట్రోలరు ఆయనకి అందించబోయింది. వెల్మా పేరు కొట్టమంటారా, లెక్క తక్కువైనా పేరైనా ఉంటుంది అంది.

"వద్దు," అన్నాడు మెర్ల్. "ఆమెది ఆమె చేసుకుంది, అయిపోయింది. ఇది నువ్వు ఆడావు. నీ పేరు రాసుకో."

ఆమె తన మూడక్షరాలూ కొట్టింది. అవి మొదటి గీత మీద కూర్చున్నాయి. కింద తొమ్మిది సున్నాలు. అప్పుడు కంట్రోలరు నాకివ్వు అన్నాడాయన. పట్టుకోవడం డెనీస్ నేర్పింది. గాజు పలకలు మోసిన పెద్ద చేతుల్లో అది పెంకుముక్కలా ఉంది. మొదటి దిమ్మ ఎటు తిప్పాలో తేల్చుకునేలోపే దిగిపోయింది. రెండోది దానిమీద అడ్డంగా పడింది. ఆయన ఒళ్ళంతా పక్కకి వంచితే దిమ్మ కూడా వంగుతుందన్నట్టు వంగాడు. ఆర్లీన్ నవ్వు ఆపుకుని, ఎడమవైపు పోగు చెయ్యకండి అంది. ఒక్క వరస కరిగింది. ఆ తర్వాత గోడ పైదాకా వచ్చేసింది. మూడు వందలు.

తెర పేరు అడిగింది. వేలితో ఒక్కో బొత్తామూ వెతుక్కుంటూ ఆయన తన మూడక్షరాలూ కొట్టాడు. అవి ఆర్లీన్ పేరు కింద వచ్చి నిలబడ్డాయి.

"మామయ్యా, రెండో స్థానం," అంది డెనీస్, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ.

"రెండు కాదు, మూడు," అన్నాడు మెర్ల్, ఒళ్ళోని వెల్మా పుస్తకం మీద ఓసారి చెయ్యేసి, మళ్ళీ మొదలుపెట్టే బొత్తాం కోసం వెతుక్కుంటూ.